రుజువు బరువు ఎవరి మీద? జిన్నారం చెరువుల నలభై ఏళ్ల వాదన

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీ ఐఐటీతో కలిసి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. గాలి, నీరు, నేల కలిపి నూటికి ఎంత పాడయ్యాయన్నది లెక్క. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కింద జమ. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. గీత దాటింది ఒక్క మార్కు కూడా కాదు, అందులో వందో భాగాలు ఏడు. ఆ కాస్తతోనే అది 43 ప్రాంతాల జాబితాకెక్కింది. 2010 జనవరిలో కొత్త పరిశ్రమలకూ పాతవాటి విస్తరణకూ అడ్డుకట్ట పడింది. కార్యాచరణ ప్రణాళిక చూపించాక అదీ సడలింది. మరి 69.99 వచ్చి ఉంటే? బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి బోర్లలో నీళ్లు ఆ మేరకు తియ్యగా మారేవా? అంకెలు వేసినవాళ్లను తప్పుపట్టడానికి అడగడం లేదు, ఏ గీతకైనా ఇటు అటు ఉంటాయి. కానీ మనిషి తన పరిసరాలను ఎంత మారుస్తున్నాడన్న పెద్ద వాదన ఎప్పుడూ ఇలాంటి గీత దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఎంతో తేలితేగానీ ఏం చేయాలో చెప్పలేమంటారు. తేల్చడం కష్టం గనక ఆలస్యమైందంటారు. ఈ ఊళ్లున్న ఉమ్మడి జిన్నారం మండలం చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. ఎంతో ఇక్కడ తేలింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆలస్యం మాత్రం అలాగే ఉంది. అందుకు కారణం కొలతల కొరత అనిపించదు. కొలిచి చూపించే భారం ఎవరి నెత్తిన పెట్టామన్న దగ్గరే అసలు చిక్కుంది.

ప్రపంచ స్థాయిలో ఈ వాదన ఎలా నడుస్తోందో ఒకసారి చూడాలి. భూమి చరిత్రలో మనం కొత్త యుగంలోకి వచ్చేశామని, దానికి మనిషి పేరే పెట్టాలని 2000లో రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్, జీవశాస్త్రవేత్త యూజీన్ స్టోర్మర్ ప్రతిపాదించారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత, 2024 మార్చిలో, భూగర్భ శాస్త్రవేత్తల ఉపసంఘం ఓటు వేసి ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. మనిషి ఏమీ చేయలేదని కాదు వాళ్ల మాట. 1950ల నాటి ఒక గీత దగ్గర అంతా మొదలైందనడం సరికాదని, అడవులు నరికి పొలాలు దున్నినప్పటి నుంచీ ఆ మార్పు సాగుతూనే ఉందని చాలామంది అభ్యంతరం. ఇక వాతావరణం వేడెక్కడం సంగతి తీసుకుంటే, అందులో మనిషి చెయ్యి ఉందనడంలో సందేహం లేదని ఐపీసీసీ 2021 నివేదిక తేల్చి చెప్పింది. అక్కడిదాకా రావడానికి శాస్త్రం పడ్డ పాట్లు తక్కువ కాదు. బొగ్గుపులుసు వాయువు అగ్నిపర్వతం నుంచీ వస్తుంది, మనం వదిలే ఊపిరి నుంచీ వస్తుంది, బాయిలర్ పొగగొట్టం నుంచీ వస్తుంది. అణువు అణువుకూ తేడా కనిపించదు. బొగ్గు, చమురు కోట్ల ఏళ్లనాటివి కాబట్టి వాటిలో రేడియో కార్బన్ ఉండదు. గాలిలో రేడియో కార్బన్ పాలు పలచబడుతోందని హాన్స్ సూస్ 1950లలో పట్టుకున్నాక, పెరుగుతున్న వాయువు ఎక్కడిదో చెప్పే ఆధారం చిక్కింది. అంటే నేరస్థుడి వేలిముద్ర కోసం అణువు లోపలికి వెళ్లి వెతకాల్సి వచ్చింది. జిన్నారంలో అంత శ్రమ అక్కర్లేదు. ఇక్కడి నీళ్లలో దొరికిన పదార్థాల్లో కొన్ని మనిషి తయారుచేయకముందు ఈ భూమ్మీదే లేవు.

అక్కడికి వెళ్లేముందు, ఉపసంఘం అభ్యంతరానికి జిన్నారం నేలే మంచి సాక్ష్యమని ఒప్పుకోవాలి. ఈ ప్రాంతపు చెరువులేవీ ప్రకృతి తవ్వినవి కావు. గ్రానైటు గుట్టల మధ్య వాలు చూసి, ఒర్రెకు అడ్డంగా మట్టికట్ట పోసి, ఒకదాని మత్తడి నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా కట్టినవి. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా లెక్కించిన సమాజం తెలంగాణ నేల రూపాన్ని వందల ఏళ్లపాటు మార్చుతూ వచ్చింది. మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46 వేలకు పైమాటే. ఇంత పెద్ద ఎత్తున నీటి నడకను మార్చడం చిన్న జోక్యమేమీ కాదు. కాకపోతే దాని లోపలి అమరిక చూడండి. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడ్డానికి నీరటి ఉండేవాడు. కట్ట తెగితే మునిగేది కట్టించినవాళ్ల ఊరే. శిఖం భూమిలో ఒండ్రు పేరుకుంటే ఎండాకాలంలో బండ్లతో పొలాలకు తోలుకునేది ఆయకట్టు రైతులే. చెరువు లోతు పెరిగేది, చేనుకు బలం వచ్చేది. మార్పు చేసినవాడూ దాని మంచిచెడులు అనుభవించేవాడూ ఒకే కట్ట కింద బతికేవారు. ఆ వ్యవస్థలో కులం లేదని, అందరికీ సమంగా నీళ్లు పారాయని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. అయినా తప్పు జరిగితే అది ఎవరి వల్లో తెలియడానికి ప్రయోగశాల అవసరం పడేది కాదు. మనిషి ముందునుంచీ మారుస్తూనే ఉన్నాడు కదా అని తర్వాతి మార్పునూ అదే ఖాతాలో వేసేవాళ్లు ఈ తేడాను గమనించరు.

తర్వాతి మార్పు ఎలా వచ్చిందో చెప్పాలంటే బాలానగర్ దగ్గర మొదలుపెట్టాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సాయంతో అక్కడ పెట్టిన సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు బడి అయింది. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుకు కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు అన్నది. పద్ధతి మార్చగల బుర్ర ఉంటే చాలు, విదేశీ కంపెనీ మందును ఇక్కడ చవగ్గా తయారుచేయవచ్చు. ఆ బుర్రలు ఐడీపీఎల్‌లో ఉన్నాయి. అందులోంచి బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నవాళ్లకు నగరం పక్కనే భూమి కావాలి. అప్పటి మెదక్ జిల్లా వెనకబడిన ప్రాంతం, పరిశ్రమ పెడితే సబ్సిడీ వస్తుంది. ముంబై రహదారి పక్కనే ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అప్పటికే వచ్చింది. 1980 నుంచి 1984లో హత్యకు గురయ్యేదాకా ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ. ఇన్ని అనుకూలాలు ఒకచోట కలిసినప్పుడు పటాన్‌చెరు నుంచి బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి దాకా షెడ్లు లేచాయంటే వింతేముంది? భూములు ఇచ్చిన ఊళ్లు కూడా మొదట్లో సంతోషించాయి. వాన మీద ఆధారపడ్డ చెలక అమ్మితే నాలుగు డబ్బులు, ఇంట్లో ఒకరికి కంపెనీలో పని. ఆ ఆశ అబద్ధం కాదు, దాన్ని అపహాస్యం చేసే హక్కు తర్వాత వచ్చిన మనకు లేదు.

ఆ ఆశ లెక్కలోకి రానిది రియాక్టరు అడుగున మిగిలేది. మందు తయారీ అంటే ఒక పదార్థాన్ని మరోదానితో కలిపి ఒక్కసారిగా ముగించే పని కాదు. ఐదారు, ఒక్కోసారి పదికి పైగా దశలు. ప్రతి దశలో సాల్వెంటులో కరిగించాలి, చల్లార్చి స్ఫటికాలు దింపాలి, వడకట్టాలి, కడగాలి. స్ఫటికాలు తీసేశాక మిగిలిన చిక్కటి ద్రవాన్ని మదర్ లిక్కర్ అంటారు. ఉప్పులూ, సాల్వెంటూ, సగంలో ఆగిపోయిన రసాయనాలూ, దిగని మందూ అన్నీ అందులోనే. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో పరిశ్రమలన్నింటికీ ఒక లెక్క కట్టాడు: కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అని. చమురు శుద్ధిలో అది కిలోలో పదో వంతు లోపు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఆ పైన కూడా. కంపెనీల గేట్లోంచి బయటికి వెళ్లే మందు డ్రమ్ము ఒక్కటైతే, ఎటో వెళ్లాల్సిన మిగులు పాతిక డ్రమ్ములకు తక్కువ ఉండదన్నమాట. 1980లలో అది ఎటు వెళ్లిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. వాలు ఎటుంటే అటు. వాలు చెరువుల వైపుంది, ఎందుకంటే చెరువులు కట్టిందే వాలు చూసి. ముందు తరాలు నీటికోసం వేసిన గొలుసు వ్యర్థానికి తయారైన కాలువగా పనికొచ్చింది. ఆసానికుంట, ఖాజీపల్లి చెరువు, గండిగూడెం చెరువు, అక్కడినుంచి ఇస్కవాగు, నక్కవాగు, చివరికి మంజీర.

చెరువు పాడైతే మానె, బావులున్నాయి కదా అనుకోవడానికి లేదు. ఇక్కడి నేల కింద గట్టి గ్రానైటు, దానిపైన శిథిలమైన రాతిపొర. బావికీ బోరుకూ ఊట వచ్చేది ఆ పొర నుంచీ, కింది రాతి పగుళ్ల నుంచీ. చెరువు నిండితే చుట్టుపక్కల బావులు ఊరడం రైతుకు తరతరాల అనుభవం. అదే దారిన చెరువులోని రసాయనమూ ఊరింది. హైదరాబాద్‌లోని ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టిలో భార లోహాలను కొలిచి 2001లో ప్రచురించారు; నక్కవాగు వెంట భూగర్భ జలం ఎలా చెడిపోతోందో నమూనాలు కట్టి చూపించారు. అంతకుముందే ఇక్కడి భూగర్భ జలాల్లో విషపు మూలకాలు ఉన్నట్టు 1990లలోనే పరిశోధన పత్రాలు వచ్చాయి. ఇక్కడ మొదటి ఎదురువాదం లేచింది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. రాతిలో సహజంగానే లోహాలుంటాయి. నల్లగొండలో ఫ్లోరైడు ఏ కంపెనీ పోసింది? రైతులు చల్లిన ఎరువులు, పురుగుమందులు లేవా? ఊరి మురుగు లేదా? ఈ నాలుగింటిలో కంపెనీల వాటా ఎంతో విడదీసి చెప్పండి. విడదీయలేకపోతే మమ్మల్ని మాత్రమే ఎందుకు బోనెక్కిస్తారు? లోహాల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు గానీ దానికి సంభావ్యతలు, పోలికలు, నేపథ్య స్థాయిలు అంటూ చాలా దూరం వెళ్లాలి. వింటున్నవాడికి అనుమానం మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

ఆ అనుమానానికి తావివ్వని కొలత 2007లో వచ్చింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని, అంటే శుద్ధి అయిపోయిన నీటిని, పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. రోజుకు బయటికి పోతున్నది సుమారు 45 కిలోలు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా లెక్కేస్తే రోజుకు 90,000 మాత్రలు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడే మొత్తం అది. సిప్రోఫ్లాక్సాసిన్ ఏ బూజూ తయారుచేయదు, ఏ రాయీ ఊరించదు. 1980లలో ప్రయోగశాలలో పుట్టి మార్కెట్‌కు వచ్చిన మందు. రైతు చేలో చల్లేది కాదు. మందు వాడినవాళ్ల ఒంట్లోంచి మురుగులోకి కాస్త వస్తుంది నిజమే, అయితే ఆ దారిన ఇంత రావాలంటే ఊళ్లకు ఊళ్లు రోజూ అదే తింటూ ఉండాలి. ప్రకృతి వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్న ప్రశ్న ఇక్కడ కూడికల తీసివేతల లెక్కగా మారిపోయింది: ప్రకృతి వాటా సున్నా.

ఈ కొలత మీద వచ్చిన అభ్యంతరం రెండే రోజుల నమూనాలతో ఒక పరిశ్రమకు మచ్చ తెచ్చారని. పరదేశీ ప్రయోగశాల అన్న నస కూడా వినిపించింది. అభ్యంతరం న్యాయమైనదే, ఎవరైనా మళ్లీ కొలవాలి. మళ్లీ కొలిచారు. 2009లో జెర్కర్ ఫిక్, లార్సన్ బృందం ప్రచురించిన పత్రం ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఆగకుండా చెరువులకూ ఊరి బావులకూ వెళ్లింది. రెండు చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా, అలర్జీకి వాడే సెట్రిజిన్ 1.2 మిల్లీగ్రాముల దాకా ఉన్నాయి. శుద్ధి కేంద్రం ఒక్కదానితో వ్యవహారం ముగియలేదని, శుద్ధే కాని వ్యర్థం వేరే దారుల్లోనూ పారుతోందని ఆ పత్రం తేల్చింది. కొన్ని బావుల నీటిలో సెట్రిజిన్‌తో పాటు తామరకు వాడే టెర్బినాఫిన్, మానసిక కుంగుబాటుకు వాడే సిటాలోప్రామ్ దొరికాయి. చేద వేసి తోడుకున్న నీళ్లలో ఏ డాక్టరూ రాయని మూడు రకాల మందులు. 2016లో జర్మనీ నుంచి వచ్చిన మరో బృందం పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక ప్రాంతపు మురుగు కాలువలో ఫంగస్ మందు ఫ్లూకోనజోల్‌ను లీటరుకు 237 మిల్లీగ్రాముల దగ్గర కొలిచింది. రెండు రోజుల నమూనా అన్న వాదన ఆ పదేళ్లలో బలం కోల్పోయింది.

ఇంతకూ మన కాలుష్య నియంత్రణ వ్యవస్థకు ఇది ఎందుకు కనిపించలేదు? ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976 నుంచీ ఉంది. శుద్ధి కేంద్రం 1994లో వచ్చింది. నమూనాలు తీశారు, నోటీసులు ఇచ్చారు. అయితే చట్టం కొలవమన్నది బీఓడీ, సీఓడీ, కరిగిన లవణాలు, ఆమ్లత్వం వంటివి. నీటిలోని సేంద్రియ పదార్థం ఎంత ప్రాణవాయువు లాగేస్తుందో బీఓడీ చెబుతుంది. ఆ పదార్థం పేడా, చక్కెరా, సిప్రోఫ్లాక్సాసినా అన్నది దానికి పట్టదు. పరిమితికి లోబడ్డ నీరు కూడా విషమే కావచ్చు. లార్సన్ బృందమే 2009లో ఇక్కడి శుద్ధి చేసిన నీటిని 500 రెట్లు పలచన చేసి కప్ప పిల్లలను అందులో పెంచితే వాటి ఎదుగుదల 40 శాతం పడిపోయింది. శుద్ధి పద్ధతిలోనూ ఒక తిరకాసు ఉంది. వ్యర్థాన్ని తినిపించడానికి సూక్ష్మజీవులు కావాలి, మందుల నీటిలో అవి బతకవు, అందుకని ఇళ్ల మురుగునీరు కలిపారు. మనుషుల పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియానూ యాంటీబయాటిక్‌నూ ఒకే తొట్టిలో పోసి గాలి ఊదితే ఏ రకం బతికి బట్టకడుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2013లో ప్రచురితమైన పరిశోధన ఆ తొట్టి నుంచి 93 రకాల బ్యాక్టీరియాను వేరుచేసి పరీక్షించింది. వాటిలో 86 శాతం 20 లేదా అంతకంటే ఎక్కువ యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. ఇదంతా తేలేలోపే, నక్కవాగును కాపాడే పేరుతో 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీటిని నగర మురుగుతో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపడం మొదలైంది. అక్కడినుంచి మూసీ. మంజీర బాధ కొంత తగ్గింది, కృష్ణా పరీవాహకానికి బదిలీ అయింది.

రెండో ఎదురువాదం ఇంకాస్త పైస్థాయిది. సరే, ఒక మండలంలో నాలుగు చెరువులు చెడ్డాయి, ఇది స్థానిక దుర్వ్యవహారం. దీన్ని భూగోళం మార్పుతో ముడిపెట్టడం అతి కాదా? గ్రీన్‌హౌస్ వాయువులా ఇది ఊరు దాటి పోతుందా? ఖాజీపల్లి చెరువు అడుగు మట్టి దీనికి జవాబు ఇచ్చింది. 2014లో యోహాన్ బెంగ్ట్‌సన్–పాల్మే బృందం ఆ చెరువులోని జన్యు పదార్థాన్ని మొత్తంగా చదివి, మురుగూ మందులూ కలవని ఒక స్వీడన్ చెరువుతో పోల్చింది. యాంటీబయాటిక్‌ను ఎదిరించే జన్యువులు ఖాజీపల్లిలో సుమారు 7,000 రెట్లు ఎక్కువ. వాటితో పాటు, ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి జన్యువును మోసుకుపోయే ప్లాస్మిడ్లు కూడా దండిగా ఉన్నాయి. రసాయనం పలచబడవచ్చు, విరిగిపోవచ్చు. జన్యువు మాత్రం తన నకళ్లు తానే తీసుకుంటుంది. విమానం ఎక్కే మనిషి పేగులో అది ఎక్కడికైనా పోతుంది. బొగ్గుపులుసు వాయువు వాటా పెరగడం, అంటే పరిశ్రమలకు ముందున్న 280 నుంచి నేటి 420 పైచిలుకు పీపీఎం దాకా రావడం, ఎలా భూగోళమంతటి మార్పో, సూక్ష్మజీవుల జన్యుకోశం మారడమూ అలాంటిదే. కాకపోతే బొగ్గుపులుసు వాయువును కొలిచే మౌనాలోవా కొండలాంటి చోటు దీనికి లేదు.

ఇక్కడే నా వాదనకు అడ్డొచ్చే ఒక ఫలితాన్ని దాచకూడదు. అదే 2014లో రట్గర్సన్ బృందం ఈ ప్రాంతపు ఊళ్ల మనుషుల మలంలో క్వినోలోన్ మందులను ఎదిరించే క్యూఎన్ఆర్ జన్యువుల కోసం వెతికింది. కలుషితమైన వాగులకు మూడు కిలోమీటర్ల లోపున్న ఊళ్లన్నింటి బావుల్లోనూ మట్టిలోనూ మందు ఉంది. వాగు అడుగు మట్టిలో ఆ జన్యువులు విపరీతం. తీరా చూస్తే కలుషిత ఊళ్ల జనానికీ దూరపు ఊళ్ల జనానికీ తేడా దొరకలేదు. పరిశ్రమ పక్షాన మాట్లాడేవారు దీన్ని పట్టుకుని చెరువు వేరు, మనిషి వేరు అనవచ్చు. కానీ అదే పత్రంలో మరో అంకె ఉంది: పరీక్షించిన భారతీయుల్లో 91 శాతం మందిలో ఆ జన్యువులున్నాయి, స్వీడన్ వాళ్లలో 24 శాతం మందిలోనే. డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మాత్రలు, ఆరుబయట పారే మురుగునీరు అన్నీ కలిసి దేశం మొత్తాన్ని ముందే ముంచెత్తితే, ఒక ఊరి వాటాను విడదీయడానికి ఎత్తైన గట్టు ఎక్కడా మిగల్లేదు. ఖాజీపల్లి నుంచి ఫలానా జబ్బు ఫలానా వ్యక్తికి వచ్చిందని రుజువు చేయడం ఈ రోజుకీ కష్టం. నేను ఒప్పుకునేది అంతవరకు. అయితే అలాంటి రుజువు ఎప్పటికైనా దొరుకుతుందా, దొరికేదాకా ఆగడం వివేకమేనా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ప్రయోగశాలలు తేల్చలేవు.

తేల్చాల్సిన చోట ఏం జరిగిందో చూడండి. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ 1990లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల గురించే. దాని వెనక పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు వంటివారి ఏళ్ల తరబడి శ్రమ ఉంది. సంగారెడ్డిలోని జిల్లా జడ్జి విచారణ జరిపి పాడైన పొలాలకు పరిహారం లెక్కగట్టారు, తరికి ఒక రేటు, మెట్టకు ఒక రేటు. ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలన్నారు. 2001లో కేసు హైకోర్టుకు మళ్లింది, అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు. తుది తీర్పు 2017లో. ఇరవై ఏడేళ్లు. అంతకాలం రైతు తన పంట ఎందుకు పోయిందో, తన బర్రె ఎందుకు ఈసుకుపోయిందో, తన బావి ఏ ఏడాది చెడిందో కాగితాల మీద చూపిస్తూ తిరిగాడు. నీళ్లు తన చేలోకి వచ్చినవే కానీ ఏ గేటు నుంచి వచ్చాయో ఆయన చెప్పాలి. తొంభై కంపెనీల నీళ్లు ఒకే వాగులో కలిశాక అది సాధ్యమా?

కంపెనీ గోడకు అటుపక్క లెక్క తారుమారు. అదే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రగా తొలిసారి అమ్మకానికి రావాలంటే జంతువుల మీద, మనుషుల మీద పరీక్షల ఫలితాలు కంపెనీయే సమర్పించాలి. ప్రతి బ్యాచ్‌లో మలిన పదార్థం ఎంత ఉందో పదిలక్షల్లో భాగాల లెక్కన ఫార్మకోపియా అడుగుతుంది. ఆ లెక్క తీసే యంత్రాలు, వాటి ముందు కూర్చునే ఎమ్మెస్సీ కుర్రాళ్లు ప్రతి కంపెనీ క్వాలిటీ కంట్రోల్ గదిలో ఉన్నారు. మాత్ర వల్ల హాని జరిగిందని రోగి నిరూపించనక్కర్లేదు, జరగదని కంపెనీయే నిరూపించాలి. అదే అణువు వెనక గోడ కింది నుంచి కాలువలోకి జారిన క్షణంలో సూత్రం తిరగబడుతుంది. హాని జరిగిందని చెరువు కిందివాడు నిరూపించాలి. పైగా అతని చేతిలో ఉన్నది బీఓడీ రిపోర్టు. కొలిచే శక్తి ఒకరి దగ్గర, కొలిచి చూపించే బాధ్యత మరొకరి దగ్గర ఉంటే వాదన నలభై ఏళ్లు సాగడంలో ఆశ్చర్యం ఏముంది?

చవక మందుల మాట వదిలేయలేం. దేశపు బల్క్ డ్రగ్స్‌లో మూడో వంతుకు పైగా హైదరాబాద్ చుట్టుపక్కలే తయారవుతాయని పరిశ్రమ వర్గాలు గర్వంగా చెప్పుకుంటాయి. ఆ గర్వానికి అర్థముంది. ఇక్కడి మందుల వల్ల ప్రాణం నిలుపుకున్న పేదలు ఆఫ్రికాలోనూ ఉన్నారు, సంగారెడ్డిలోనూ ఉన్నారు. కఠినంగా ఉంటే ధరలు పెరుగుతాయి, పరిశ్రమ చైనాకు పోతుంది అన్న భయం ఊరికే పుట్టింది కాదు. కానీ మందు చవక కావడంలో ఒక భాగం రసాయన శాస్త్రజ్ఞుడి తెలివి అయితే, మరో భాగం ఖాజీపల్లి చెరువు ఇచ్చిన రాయితీ. ఆ రాయితీ ఎంతో ఎవరూ బిల్లులో రాయలేదు గనక అది లేనట్టు కనిపించింది. కొనే యూరప్ కంపెనీలు కూడా తమ ఇన్‌స్పెక్టర్లను పంపి మందు శుభ్రతను చూసుకున్నాయి, కాలువ వైపు చాలాకాలం చూడలేదు. చవక మందు కావాలనుకునే మనం ఆ రాయితీ చెరువు కిందివాళ్ల దగ్గర అడక్కుండా తీసుకోవచ్చా అని తేల్చుకోవాలి. తీసుకోవచ్చని ఎవరైనా అంటే కనీసం ఆ మాట బయటికి అనాలి.

మార్పు రాలేదనడం అన్యాయం. 2010ల నుంచి పెద్ద కంపెనీలు చాలావరకు చుక్క నీరు బయటికి వదలని పద్ధతికి మారాయి. వ్యర్థాన్ని ఎవాపరేటర్లలో మరిగించి నీటిని తిరిగి వాడుకుంటాయి, మిగిలిన ఉప్పును పక్కనే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతాయి. ఇది ఖర్చుతో కూడినది; మరిగించడానికి బొగ్గు, కరెంటు కావాలి కాబట్టి నీటి బాధ కొంత గాలికి పోతుంది. చిన్న యూనిట్లు, వానాకాలం రాత్రులు, ట్యాంకర్లు అనే మూడింటి గురించి స్థానిక పత్రికలు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాయి. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ఇక కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ వ్యర్థజలంలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో పేరు పేరునా రాసింది. ప్రపంచంలో అలాంటి నిబంధన మొదటిది మనదే అయ్యేది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో ఇచ్చింది, అవి మార్గదర్శకాలే. పేరు రాసి పరిమితి పెడితే ప్రతి గేటు దగ్గరా కంపెనీయే కొలిచి చూపించాల్సి వస్తుంది. ఇప్పుడున్న ఏర్పాటులో ఎవరైనా పరిశోధకుడు వచ్చి సీసా ముంచేదాకా ఏమీ తెలియదు.

గేటు దగ్గర అన్నీ రేపే సరి అయినా చెరువు అడుగు మిగులుతుంది. ఫ్లోరోక్వినోలోన్లు మట్టిని గట్టిగా పట్టుకుని ఏళ్లపాటు ఉంటాయి, లోహాలు ఎక్కడికీ పోవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకోవాలని ప్రోత్సహించింది. తెలంగాణలో అంతకంటే తెలివైన పని తక్కువ. కానీ పారిశ్రామిక వాడ కింది చెరువుల్లో ఆ ఒండ్రు మునుపటి ఒండ్రు కాదు. దాన్ని చేలోకి తోలాలా, కప్పి వదిలేయాలా, తవ్వి దుండిగల్‌కు పంపాలా అన్నది ఒక్కో చెరువుకు విడివిడిగా పరీక్షించి తేల్చాల్సిన సంగతి. ఆ పరీక్షకు ఖర్చవుతుంది. దాన్ని ఆయకట్టు రైతు పెట్టుకోవాలా, ఇన్నేళ్లు ఆ చెరువు వాలు వాడుకున్నవాళ్లు పెట్టుకోవాలా అన్నది ఇప్పటికీ ఎవరూ రాసిపెట్టలేదు.